ఎకరాకు 4 కిలోల రాగి, అందులో నిలిచేవి ఎన్ని?

(బెంగళూరులో ఒక ఆదివారం ఉదయం తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం, చివర్లో వచ్చిన ప్రశ్నలు, జవాబులతో సహా)

అందరికీ నమస్కారం. ఈ ఊళ్ళో రోడ్లు కాస్త ఖాళీగా ఉండేది ఆదివారం పొద్దున ఒక్కటే. ఆ పూటను వదులుకుని విత్తనాల గురించి వినడానికి వచ్చారంటే మీలో చాలామందికి ఊళ్ళో ఇంకా పొలం ఉందన్నమాట. (నవ్వులు) అనంతపురం, హిందూపురం, మడకశిర వైపు వాళ్ళు ఎంతమంది? సగానికి పైనే ఉన్నారు. కోలారు, చింతామణి? బాగుంది. గోదావరి జిల్లాల వాళ్ళు వెనకాల కూర్చున్నారు. మీకోసం వరి గురించి కూడా చెప్తాను. కానీ బెంగళూరులో కూర్చుని తిండిగింజల గురించి మాట్లాడుతూ రాగితో మొదలుపెట్టకపోతే బాగుండదు.

ముందు ఒక లెక్క చేద్దాం. మీలో ఎక్కువమంది లెక్కల మీద బతికేవాళ్ళే కాబట్టి టెన్షన్ లేదు. రాగిని గొర్రుతో, అంటే సాళ్ళలో గింజ వేసే పనిముట్టుతో, విత్తితే ఎకరాకు 4 కిలోల దాకా వాడతాం. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు దాదాపు ఒక గ్రాము. వెయ్యి రాగి గింజలు తూస్తే 3 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతాయి. ఆ ఒక్క గ్రాములో 330 గింజలున్నాయి. మరి మనకు కావలసిన మొక్కలెన్ని? సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, సాల్లో మొక్కకూ మొక్కకూ మధ్య 10 సెంటీమీటర్లు పెట్టుకుంటే చదరపు మీటరుకు 33. పదింటికి ఒకటి! సర్టిఫైడ్ రాగి విత్తనంలో కనీసం నూటికి 75 మొలవాలని నిబంధన ఉంది. అంటే ఆ 330లో 250 దాకా మొలిచే సత్తా ఉన్నవే.

మరి ఇన్ని ఎందుకు వేస్తున్నాం? గింజ మీద నమ్మకం లేక కాదు. అది ఎక్కడ పడుతుందో, ఎంత లోతున పడుతుందో, దాని పైన మట్టి ఎంత ఉంటుందో మనకు నమ్మకం లేదు. విత్తే పద్ధతిలో ఉన్న లోటుకు విత్తనం రూపంలో కట్టే జరిమానా అది. అన్నీ మొలిచాయనుకోండి, అప్పుడు ఒత్తు తీయడానికి, అంటే ఎక్కువైన మొక్కల్ని పీకేయడానికి, కూలీలను పెట్టాలి. తీయకపోతే మొక్కలన్నీ సన్నగా పెరిగి, వెన్నులు చిన్నవై, దిగుబడి పడిపోతుంది. జరిమానా మీద వడ్డీ. (నవ్వులు)

గింజకు తడి కావాలి, గాలి కావాలి, వెచ్చదనం కావాలి. వెచ్చదనానికి మన దగ్గర కరువు లేదు. తడీ గాలీ రెండూ కలిసి దొరికే పొర మాత్రం నేలలో చాలా పలచగా ఉంటుంది. దానికి పైన పడ్డ గింజ ఒక్క ఎండకే ఎండిపోతుంది. బాగా కింద పడ్డ గింజ మొలకెత్తుతుంది కానీ, లోపల దాచుకున్న తిండి అయిపోయేలోగా పైకి రాలేదు. రాగి లాంటి చిన్న గింజకు 2, 3 సెంటీమీటర్లు దాటితే కష్టం. జొన్న 3 నుంచి 5 దాకా తట్టుకుంటుంది. మొక్కజొన్నకు 5 సెంటీమీటర్లు హాయి. గింజ బరువును బట్టి లోతు.

ఇప్పుడు చేత్తో వెదజల్లి, గింజల మీద మట్టి కప్పడానికి పైన గుంటక తోలామనుకోండి. కొన్ని గింజలు పైనే ఉండిపోతాయి, వాటిని చీమలు, పిట్టలు చూసుకుంటాయి. కొన్ని పెళ్ళల సందుల్లోంచి అడుక్కి జారిపోతాయి. మధ్యలో పడ్డవి బాగుపడతాయి. ఒకే పూట చల్లినా మొలక మాత్రం విడతలు విడతలుగా వస్తుంది. ముందు లేచినవి వెనకవాటికి ఎండ తగలనివ్వవు. చివరికి కోతప్పుడు ఒక చోట పండిన వెన్ను, పక్కనే పచ్చి వెన్ను.

అలాగని వెదజల్లే రైతును తెలియనివాడు అనుకోకండి. నాకు కోపం వచ్చేది అక్కడే. వాన పడింది, పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, రెండు మూడు రోజులే ఉంటుంది. ఊళ్ళో గొర్రులు ఒకటో రెండో, ఎద్దుల జతలు తగ్గిపోయాయి, ట్రాక్టరు మీ వంతు వచ్చేసరికి నేల ఆరిపోతుంది. అప్పుడు ఒక మనిషి బుట్ట చంకన పెట్టుకుని పూటలో ఎకరాలకు ఎకరాలు చల్లేస్తాడు. అదును పోకుండా అడ్డదిడ్డంగా విత్తినది, అదును పోయాక చక్కగా విత్తినదాని కంటే చాలాసార్లు మేలే. ఆఫీసర్లు కరపత్రాలు రాసేటప్పుడు ఈ సంగతి మర్చిపోతారు.

గొర్రు పని చేస్తుండగా చూసినవాళ్ళు చేతులెత్తండి. ...పెద్దవాళ్ళే ఎత్తారు. కుర్రవాళ్ళ కోసం చెప్తాను. ఒక అడ్డ దుంగకు మూడో నాలుగో ఆరో పళ్ళు ఉంటాయి. ప్రతి పన్ను వెనకా ఒక వెదురు గొట్టం దిగుతుంది. గొట్టాలన్నీ పైన ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి, అదే జడ్డిగం. గిన్నె అడుగున ఎన్ని గొట్టాలుంటే అన్ని రంధ్రాలు. వెనక నడిచే మనిషి, మా వైపు ఎక్కువగా ఆడవాళ్ళే, గుప్పిట్లోంచి బొటనవేలితో తోస్తూ గింజల్ని జడ్డిగంలోకి వదులుతుంది. ఎద్దుల నడక ఒకలా ఉండదు, నేల ఒకలా ఉండదు. ఆమె చెయ్యి మాత్రం అన్ని రంధ్రాలకూ సమానంగా పంచాలి. రాగి మరీ సన్నం కాబట్టి ఇసుక కలిపి వదిలితే చెయ్యి అదుపులో ఉంటుంది. ఏ గొట్టమైనా అడుగున తడి మట్టి ఎక్కి పూడుకుపోయిందంటే ఆ సాలంతా ఖాళీ. ఆ సంగతి బయటపడేది మొలక వచ్చాకే. అందుకే గట్టు దగ్గర మళ్ళినప్పుడల్లా గొర్రును పైకెత్తి, పుల్లతో గొట్టాలు పొడిచి చూసుకునేవాళ్ళు. విత్తనాలు చక్కగా పడేలా వదిలే ఆడమనిషికి ఊళ్ళో గిరాకీ ఉండేది. ముందురోజే వచ్చి చెప్పుకోవాల్సిందే.

స్కూలు పుస్తకాల్లో విత్తే యంత్రం అనగానే జెత్రో టల్, ఇంగ్లండ్, 1701 అని చదువుకున్నాం. ఆ శతాబ్దం చివరికి, 1790లలో, హాల్కాట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ దక్షిణాదిలో గొర్రుతో విత్తుతుంటే చూశాడు. ఇది యూరప్‌లో కొత్తగా కనిపెట్టిందని తాను ఇన్నాళ్ళూ అనుకున్నానని, ఇక్కడ తరతరాలుగా వాడుతున్నారని తన దేశానికి రాసి పంపాడు. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు రాజ్యమంతా తిరిగి రాసిన వివరాల్లో బెంగళూరు చుట్టుపక్కల రాగిని గొర్రుతో, ఇక్కడివాళ్ళ మాటలో కూరిగెతో, విత్తడం ఉంది. దాని వెనక తాడు కట్టిన ఇంకో గొట్టంలోంచి అనుములో కందులో వేయడం కూడా ఉంది. మన రాయలసీమలో "అక్కడి సాళ్ళు" అని పిలిచేది అదే. ఎవరు ముందు అన్న పోటీ నాకు పెద్దగా పట్టదు. మెసపొటేమియాలో క్రీస్తుకు వెయ్యేళ్ళ ముందే నాగలికి గొట్టం కట్టి విత్తారు. వాన మీద ఆధారపడ్డ చోటల్లా మనిషికి ఇదే ఆలోచన వచ్చింది, అంతే.

ఇప్పుడు ట్రాక్టరు గొర్రు వచ్చింది. దాన్ని అద్దెకు తెచ్చుకునేవాళ్ళు ఒక్క పని చెయ్యండి. పొలంలోకి దింపక ముందు, విత్తనం పెట్టెను నడిపే చక్రాన్ని నేల నుంచి పైకి లేపండి. గొట్టాల కింద గోనె పరవండి. చక్రాన్ని 20 చుట్లు తిప్పి, పడ్డ గింజల్ని తూచండి. చక్రం చుట్టుకొలత మీటరున్నర, గొర్రు వెడల్పు 2 మీటర్లు అనుకుంటే 20 చుట్లకు 60 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు గ్రాము అనుకున్నాం కదా, గోనె మీద 60 గ్రాములు ఉండాలి. 90 ఉన్నాయంటే ఎకరాకు 6 కిలోలు పోతున్నట్టు. ఏ గొట్టం కింద ఎంత పడిందో విడిగా కూడా చూడండి. పావుగంట పని. డ్రైవరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. తోలేటప్పుడు కూడా అతను గంటలెక్కన తొందరపడితే పళ్ళు ఎగిరెగిరి పడి లోతు తప్పుతుంది. నింపాదిగా తోలమని ముందే చెప్పుకోవాలి.

ఎర్ర నేలల్లో ఇంకో గండం ఉంది. విత్తిన మర్నాడు గట్టి వాన పడి, ఆ వెంటనే ఎండ కాస్తే పైపొర గట్టిగా అట్టకడుతుంది. కింద మొలక సిద్ధంగా ఉంటుంది, పైకి రాలేక లోపలే మెలికలు తిరుగుతుంది. గోటితో ఆ పొరను లేపి చూస్తే తెల్లగా, వంకరగా కనిపిస్తుంది. ఇక్కడ గొర్రు సాలుకు ఒక లాభం ఉంది. ఒంటరి మొలక పగలగొట్టలేని పొరను పక్కపక్కన ఉన్న పదీ కలిసి లేపుతాయి. కాబట్టి ఇందాక నేను జరిమానా అన్న ఎక్కువ విత్తనంలో కొంత భాగం న్యాయమైనదే. చల్లినప్పుడు ఈ సాయం కూడా దొరకదు. స్ప్రింక్లర్లు ఉన్నవాళ్ళు కాస్త తడి ఇస్తే చాలు. లేనివాళ్ళు తేలికైన కంప ఒకటి పైపైన లాగితే పొర పగులుతుంది, మొలక మాత్రం బయటికి రాకముందే లాగాలి.

చాలామంది అడిగేదొకటుంది. "మొలక బ్రహ్మాండంగా వచ్చింది, ఇరవయ్యో రోజుకు ఎందుకు వాలిపోయింది?" దీనికి జవాబు నేల కింద ఉంది. జొన్న, సజ్జ, రాగి మొలిచినప్పుడు గింజ నుంచి ఒకే ఒక్క వేరు కిందికి పోతుంది. గింజకూ మొదటి కణుపుకూ మధ్య దారం లాంటి సన్నటి కాడ ఉంటుంది. గింజ కాస్త లోతుగా పడితే ఆ కాడ సాగి కణుపును పైకి తెస్తుంది. అసలు వేళ్ళు, మొక్కను నిలబెట్టేవి, ఆ కణుపు దగ్గర పుడతాయి. అది ఉండేది నేలకు 2, 3 సెంటీమీటర్ల లోపలే. గింజ ఎంత లోతున వేసినా ఆ వేళ్ళు పుట్టేది పై మట్టిలోనే. ఆ సమయానికి పై మట్టి పొడిబారి ఉంటే వేళ్ళు సాగవు. మొక్క ఆ ఒక్క వేరు, ఆ సన్న కాడ మీదే వేలాడుతుంది. గాలి కొడితే తిరిగిపోతుంది, ఎండ కాస్తే వాలిపోతుంది. అందుకే మొలక లెక్కపెట్టుకుని సంబరపడకండి. రెండు మూడు వారాలకు నాలుగు మొక్కలు పీకి, కణుపు దగ్గర లావు వేళ్ళు వచ్చాయో లేదో చూడండి. రాకపోతే దంతె, అంటే సాళ్ళ మధ్య మట్టి కదిపి కలుపు తీసే పనిముట్టు, తోలి సాళ్ళలోకి కాస్త మట్టి ఎగదోస్తే ఉపయోగం ఉంటుంది, కింద కొంచెమైనా తడి ఉంటేనే. సాలు కట్టి విత్తినవాళ్ళకే అది కుదురుతుంది.

గోధుమ మన పంట కాదు కానీ ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం వచ్చింది. పాత నాటు గోధుమను ఉత్తరాదిలో తడి కోసం లోతుగా వేసేవాళ్ళు. పొట్టి రకాల్లో కాండంతో పాటు మొలకను మోసుకొచ్చే తొడుగు కూడా పొట్టే. పాత లోతున వేస్తే పైకి రాలేదు. 5 సెంటీమీటర్ల దగ్గర ఆపాలని, మూడు వారాలకు తడి తప్పకుండా ఇవ్వాలని నేర్పాల్సి వచ్చింది. రకం మారితే విత్తడం కూడా మారాలి.

ఇక వెనక వరుస వాళ్ళకు వరి. నాట్లలో రైతు కొనుక్కునేది మూడు నాలుగు వారాల ఆధిక్యం. కలుపు మొలిచేసరికి వరి జానెడు ఎత్తుంటుంది, పైన నీళ్ళు నిలిచి ఉంటాయి. దానికోసం నారుమడి, దమ్ము (మడిని నీళ్ళతో బురదగా దున్నడం), నాటే కూలీలు. ఈ ఖర్చు భరించలేకే డ్రమ్ సీడరుకో (మొలకెత్తిన వడ్లను రంధ్రాల్లోంచి రాల్చే డ్రమ్ములకో), వెదకో (నేరుగా విత్తడానికో) వెళ్తున్నారు. నేరుగా విత్తిన వరి వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది, పీకి నాటిన దెబ్బ ఉండదు కాబట్టి. కానీ మడి చదునుగా లేకపోతే ఆ సంబరం అక్కడితో సరి. నీళ్ళు నిలిచిన గుంటలో వరి గింజ మొలుస్తుంది, తొడుగు ఒక్కటే నీటి పైకి సాగుతుంది, గాలి అందేదాకా వేరు దిగదు. అక్కడ పైరు తేలిపోతుంది. మెరకలో ఎండిపోతుంది. 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టి, అంటే మూటగా కట్టి ఉంచి, తెల్ల ముక్కు తొంగిచూడగానే వేసెయ్యాలి. మొలక పొడుగైతే డ్రమ్ములో విరుగుతుంది, రంధ్రాలు మూసుకుంటాయి. డ్రమ్మును నిండా నింపినా గింజలు దొర్లవు. దమ్ము చేసిన వెంటనే లాగితే గింజలు బురదలో కూరుకుపోతాయి, ఒక రోజు బురద కుదురుకోనివ్వాలి. ఇవన్నీ సరిగ్గా చేసినా ఊద గడ్డి అనే కలుపు వరితో పాటే మొలుస్తుంది. చిన్నప్పుడు రెండూ కవలలే. సాళ్ళలో ఉంటే సాలు బయట ఉన్నది ఊద అని తెలుస్తుంది, చల్లిన మడిలో ఆ గుర్తు కూడా ఉండదు.

నన్నడిగితే విత్తే పద్ధతి ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఇరవయ్యో రోజున కలుపు ఎవరు తీస్తారు, దేనితో తీస్తారు? ఎద్దులున్నాయా, దంతె ఉందా, ట్రాక్టరా, ఇంటి మనుషులా, మందా? దానికి జవాబు తెలిస్తే సాళ్ళ మధ్య దూరం తెలుస్తుంది, దాంతో విత్తే పనిముట్టు తెలుస్తుంది. మనం తిరగేసి చేస్తాం. దొరికిన పనిముట్టుతో విత్తి, తర్వాత కలుపు చూసి తల పట్టుకుంటాం.

దున్నకుండా విత్తడం కూడా ఉంది. గుంటూరు, కృష్ణా వైపు వరి కోసిన మడిలో, దుక్కి లేకుండా, మిగిలిన తడిలోనే కర్రతో గుంటలు పొడిచి మొక్కజొన్న, జొన్న వేస్తారు. తాళ్ళు కట్టి వరుసలు పెట్టి, గుంటకో గింజ. పాతిన లోతు చేతిలో ఉంటుంది కాబట్టి ఖాళీలు తక్కువ. మొక్కజొన్నలో అది ముఖ్యం. వరి, రాగి పక్కన చోటుంటే పిలకలు, అంటే మొదట్లోంచి పక్క కాడలు, వేసి పూడ్చుకుంటాయి. మొక్కజొన్న పిలకలతో పూడ్చలేదు, ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

రాగిని నాటడం గురించి కూడా చెప్పాలి. వాన ఆలస్యమయ్యే ఏళ్ళలో ముందే నారు పోసుకుని, మూడు వారాల నారును నాటితే అదును కలిసొస్తుంది. విత్తనం ఎకరాకు 2 కిలోలు చాలు. హావేరి రైతుల గుళి పద్ధతి ఇంకో మెట్టు పైన. అడుగున్నరకో గుంట, అందులో ఎరువు, రెండేసి మొక్కలు. నిలదొక్కుకున్నాక తేలికైన చెక్కను పైన లాగి మొక్కల్ని వంచుతారు, దాంతో పిలకలు విరగబడి వస్తాయి. విశాఖ మన్యంలోనూ ఈ పద్ధతి పట్టుకున్నారు. చిన్న కమతానికి, ఇంటి మనుషులున్న చోటికి ఇది చాలా మంచిది. ఇరవై ఎకరాలవాడికి చెప్పకండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, నేను ఇక్కడ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలే మడకశిర వెళ్తాను. మూడెకరాల రాగి. వాన బుధవారం పడితే ఏం చెయ్యాలి?

జవాబు: మంచి ప్రశ్న బాబూ, వాన మన సెలవులు చూసుకుని పడదు. (నవ్వులు) ఊళ్ళో ట్రాక్టరు గొర్రు అతనితో ముందే మాట్లాడుకోండి, విత్తనం తూచి ఇంట్లో పెట్టేసి రండి, గోనె మీద తూచే పని వాన రాకముందే ఒక ఆదివారం చేసేయండి. మీరు లేకపోయినా విత్తడం ఆగకూడదు. మీరు తప్పకుండా ఉండాల్సింది రెండు, మూడు వారాల తర్వాత, దంతె తోలేటప్పుడు, ఒత్తు తీసేటప్పుడు. సెలవు పెట్టుకుంటే అప్పుడు పెట్టుకోండి.

ప్రశ్న: రాగి విత్తనాన్ని నానబెట్టి వేస్తే మంచిదంటారు, నిజమేనా అండి?

జవాబు: నిజమేనమ్మా. కిలోకు లీటరు నీళ్ళలో ఆరు గంటలు నానబెట్టి, నీళ్ళు వంచేసి, తడి గుడ్డలో గట్టిగా మూట కట్టి రెండు రోజులుంచండి. మొలక గుర్తు కనపడగానే తీసి నీడలో బాగా ఆరబెట్టాలి. ఎండలో వద్దు. తర్వాత మామూలుగా విత్తుకోవచ్చు. మొలక తొందరగా, ఒక్కసారిగా వస్తుంది, బెట్టను కూడా కొంత తట్టుకుంటుంది. ఖర్చు లేని పని. దాంతో పాటు ఇంకోటి. దాచుకున్న విత్తనమైతే వంద గింజలు లెక్కపెట్టి, తడి గుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచాయో ముందు చూసుకోండి. అరవయ్యే వస్తే ఆ విత్తనం వంటకు.

ప్రశ్న: జొన్న ఆలస్యంగా వేస్తే విత్తనం ఎక్కువ వేయమంటారు. మీరేమో తగ్గించమంటున్నారు.

జవాబు: అక్కడ ఎక్కువ వెయ్యాల్సిందే. ఆలస్యంగా విత్తిన జొన్నను మొవ్వు ఈగ అనే పురుగు పట్టుకుంటుంది, మొవ్వు, అంటే నడిమి లేత చిగురు, ఎండిపోతుంది. కొన్ని ఎక్కువ వేసుకుని, మొవ్వు ఎండిన మొక్కల్ని ఒత్తు తీసేటప్పుడు పీకేస్తాం. శత్రువెవరో తెలిసి వేసే ఎక్కువ విత్తనం అది. భయంతో వేసేదాని మీదే నా తగాదా.

ప్రశ్న: సాళ్ళలో ఖాళీలు వస్తే మళ్ళీ విత్తాలా, వదిలెయ్యాలా?

జవాబు: పంటను బట్టి ఉంటుంది. రాగిలో అయితే ముసురు పట్టిన రోజు చూసుకుని, ఒత్తుగా ఉన్న చోట తీసిన మొక్కల్నే ఖాళీల్లో నాటండి, మూడు వారాల లోపు బాగా పట్టుకుంటాయి. జొన్నలో కూడా తడి ఉంటే అలాగే చెయ్యొచ్చు. మొక్కజొన్నలో మొలిచిన వారంలోపు గింజ పెడితే సరే. అది దాటితే పెట్టకండి, పక్క మొక్కల నీడలో పడి కండె కట్టదు, ఎరువు మాత్రం తింటుంది. ఆ ఖాళీల్లో నాలుగు అలసంద గింజలు వేసుకోండి. కూరకు కాయలు వస్తాయి, తీగ పశువులకు వేయొచ్చు.